గొర్రె చెవి ట్యాగు మీటరున్నర దాటితే చదవట్లేదు, నాలుగు మీటర్లకు ఎట్లా తేవాలి?

మక్తల్ మంద

అందరికీ నమస్కారం. మాది మక్తల్ దగ్గర ఊరు, ఇంట్లో 182 జీవాలు ఉన్నాయి. ఎండాకాలం నాయిన, చిన్నాయన వాటిని కృష్ణ ఒడ్డు దిక్కు తోలుకుపోతారు, కోతలైన పొలాల్లో మంద పెడతారు, ఒక్కో రైతు దగ్గర రెండో మూడో రాత్రులు ఉండి దొడ్డి విప్పుకొని మళ్ళీ ముందుకు పోతారు. పొద్దుగూకే వేళ జీవాలు దొడ్డిలోకి వస్తుంటే నాయిన కంటితోనే లెక్కపెడతాడు. ఇన్నేండ్లూ తప్పలేదు. ఇప్పుడు ఆయనకు చూపు మందగించింది. పోయినేడు కంది చేన్లో రెండు పిల్లలు మిగిలిపోతే తెల్లారేదాకా తెలియలేదు, కుక్కలు పట్టాయి. ఆ రోజు నాయిన అన్నం ముట్టలేదు. అందుకే ఈ పని పట్టుకున్నాను.

నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. బ్యాటరీ లేకుండా, రీడర్ పంపే రేడియో తరంగంతోనే తమ నంబర్ చెప్పే పాసివ్ యూహెచ్ఎఫ్ చెవి ట్యాగులు 200 తెప్పించాను. రీడర్ 865 నుంచి 867 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, పవర్ 30 డీబీఎం అంటే 1 వాట్. యాంటెన్నా 9 డీబీ సర్క్యులర్, దొడ్డి గేటు పక్కన గుంజకు నడుము ఎత్తులో కట్టాను. రీడర్, 12 వోల్టుల బ్యాటరీ డేరాలో ఉంటాయి, అక్కడి నుంచి యాంటెన్నాకు 10 మీటర్ల సన్న కేబుల్.

ట్యాగుల డబ్బా మీద 8 మీటర్లు అని ఉంది. గొర్రె చెవికి వేశాక వచ్చేది మీటరున్నర. గేటు వెడల్పు నాలుగు మీటర్లు, జీవాలు ఒకదాని మీద ఒకటి పడి గుంపుగా దూసుకొస్తాయి కాబట్టి మొన్న 182లో 121 మాత్రమే చదివింది. లెక్క ఒక్కటే కాదు, పారుడు రోగం టీకా వేసిన రోజు ఏది తప్పించుకుందో, నట్టల మందు దేనికి రెండుసార్లు తాపామో కూడా దీంతోనే రాసిపెట్టుకోవాలని ఉంది.

పవర్ పెంచాలా, పెద్ద యాంటెన్నా కొనాలా, లేక ట్యాగులే మార్చాలా? చేతిలో ఇంకో నాలుగు వేల కంటే ఎక్కువ లేవు. మళ్ళీ తప్పు కొంటే నాయిన ముందు తలెత్తుకోలేను, దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

దేవరకొండ రేడియో

అన్నా, యాంటెన్నా ముందు ఒక పవర్ ఆంప్లిఫయర్ పెట్టు. 5 వాట్లది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దూరం దానంతటదే పెరుగుతుంది.

ఎన్‌హెచ్ 44 లేన్

తమ్ముడూ, ఆంప్లిఫయర్ మాట ఇప్పుడే వద్దు. నేను జడ్చర్ల వైపు టోల్ లేన్లలో రీడర్లు, యాంటెన్నాలు చూసే పనిలో ఉన్నాను. ఫాస్టాగ్ కూడా నీ గొర్రె ట్యాగు జాతిదే, బ్యాటరీ ఉండదు, రీడర్ పంపిన సిగ్నల్‌నే తిరగ్గొడుతుంది. లేన్లో ట్యాగు చదవట్లేదంటే మేము రీడర్ పవర్ జోలికి పోయేది చిట్టచివరన. ముందు కేబుల్, తర్వాత కనెక్టర్లు, తర్వాత యాంటెన్నా వంపు, తర్వాత అద్దం మీద ట్యాగు ఎక్కడ అంటించారన్నది చూస్తాం. అద్దానికి లోహపు పూత ఉన్నా, ట్యాగును ఇనుప ఫ్రేము అంచుకు ఆనించి అంటించినా, రీడర్ ఎంత మంచిదైనా ఆ బండి గేటు దగ్గర ఆగాల్సిందే.

నీది సన్న కేబుల్ అన్నావు, ఆర్జీ 58 రకం అయి ఉంటుంది. ఈ ఫ్రీక్వెన్సీలో అది మీటరుకు అర డీబీకి పైనే తింటుంది, 3 డీబీ పోతే సిగ్నల్ సగమైనట్టే. 10 మీటర్లంటే ఐదున్నర డీబీ. నువ్వు 1 వాట్ పంపితే యాంటెన్నాకు చేరేది పావు వాట్ కంటే కొంచెం ఎక్కువ, మిగిలిందంతా కేబుల్‌లోనే వేడై పోతుంది, ట్యాగు నుంచి తిరిగొచ్చే సన్నటి జవాబు కూడా అదే కేబుల్‌లోంచి రావాలి కాబట్టి దానికీ ఇంకో ఐదున్నర పోతుంది.

దీనికి రూపాయి ఖర్చు లేదు. రీడర్‌ను డేరాలోంచి తీసి గేటు గుంజకే ఒక ప్లాస్టిక్ డబ్బాలో బిగించు, యాంటెన్నాకు మీటరు కేబుల్ చాలు. బ్యాటరీ తీగ పొడుగ్గా లాక్కో, అందులో పోయేది డీసీ కరెంటు, తీగ కాస్త మందంగా ఉంటే నష్టం పెద్దగా ఉండదు. ఫోన్‌కు డేటా వైఫైలో వస్తుంది కదా. కనెక్టర్లను చేత్తో గట్టిగా బిగించు, లోపలికి మట్టి పోకుండా రబ్బరు టేపు చుట్టు. మేము మార్చే కేబుళ్ళలో చాలావాటికి జబ్బు కనెక్టర్ లోపలికి దిగిన నీళ్ళే.

ఇంకొకటి, యాంటెన్నా నడుము ఎత్తులో వద్దు. ముందు నడిచే గొర్రె వెనక గొర్రెకు అడ్డం పడుతుంది, ఒళ్ళంతా నీళ్ళే కదా, సిగ్నల్ దాటదు. తల పైన రెండుంబావు మీటర్ల ఎత్తుకు పెట్టి కిందికి వంచు.

నల్లగొండ ఈసీఈ

నేను ఇక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్తాను, ఈ ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది. తిరగ్గొట్టే సిగ్నల్‌తో గుర్తుపట్టే ట్యాగుల మీద అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్‌లో 1970ల్లో జరిగిన మొదటి పనుల్లో ఒకటి పశువుల కోసమే, టోల్ గేట్లకు అది ఆ తర్వాత వచ్చింది. కాబట్టి మక్తల్ తమ్ముడు చేస్తున్నది చిన్న పని అని ఎవరూ అనుకోవద్దు.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే దూరం ఎక్కడ పోతుందో లెక్కలోనే కనిపిస్తుంది. రీడర్ 30 డీబీఎం, కేబుల్‌లో ఐదున్నర పోయింది, యాంటెన్నా 9 కలిపింది, మొత్తం 33.5. సర్క్యులర్ యాంటెన్నా తరంగాన్ని తిప్పుతూ పంపుతుంది, దాంట్లో సన్న దండె లాంటి ట్యాగు యాంటెన్నా సగమే పట్టుకుంటుంది, అంటే ఇంకో 3 పోయి 30.5. మీ ట్యాగులోని చిప్ నిద్రలేవడానికి −18 డీబీఎం కావాలనుకుందాం, అంటే 16 మైక్రోవాట్లు. ఇప్పుడు మార్కెట్లో −22, −24 దాకా దిగే చిప్‌లు ఉన్నాయి గానీ, ధర తక్కువ చెవి ట్యాగుకు −18 అనుకోవడమే మేలు. 30.5 నుంచి −18 దాకా 48.5 డీబీ చేతిలో ఉంది. 866 మెగాహెర్ట్జ్‌లో మొదటి మీటరుకే 31 డీబీ ఖర్చవుతుంది, ఆ తర్వాత దూరం రెట్టింపైన ప్రతిసారీ ఇంకో 6. మిగిలిన పదిహేడున్నరకు 7 మీటర్లు దాటి రావాలి. ఇంత నష్టమున్న కేబుల్‌తో కూడా 7 మీటర్లు. డబ్బా మీద 8 అని రాసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు.

మరి మీకు వస్తున్నది మీటరున్నర. ఏడుకూ ఒకటిన్నరకూ ఉన్న తేడా దాదాపు 14 డీబీ. ఆ 14 గాలిలో పోలేదు, రీడర్లో పోలేదు, గొర్రె చెవి దగ్గర పోయింది.

ట్యాగు యాంటెన్నాను 866 దగ్గర పలికేటట్టు గాలిలో పెట్టి కొలిచి కత్తిరిస్తారు. దాన్ని నీళ్ళూ రక్తమూ ఉన్న చెవికి అతికించగానే అది పలికే ఫ్రీక్వెన్సీ కిందికి జారిపోతుంది, డప్పు చర్మం తడిస్తే మోత మారినట్టు. పైగా కొంత శక్తిని చెవి మాంసమే తాగేస్తుంది. చిప్‌కు తిండి తక్కువైతే అది నిద్ర లేవదు, లేవకపోతే తిరగ్గొట్టే ప్రశ్నే లేదు. ఇట్లాంటి బ్యాటరీ లేని ట్యాగుల్లో దూరాన్ని ఆపేది ఎక్కువగా పోయే దారే, వచ్చే దారి కాదు. మీ లెక్కలో రీడర్‌కు తిరిగొచ్చేది −70 చుట్టుపక్కల ఉంటుంది, మామూలు రీడర్ −80 కంటే కింద కూడా వింటుంది.

నా మాట నమ్మొద్దు, కొలిచి చూడండి. ఒక ట్యాగును వెదురు కర్ర కొసకు దారంతో వేలాడదీసి ఖాళీ చేన్లో ఎంత దూరం చదువుతుందో చూడండి. తర్వాత అదే ట్యాగును చెవికి ఆనించి చూడండి. ఆ తర్వాత చెవికీ ట్యాగుకూ మధ్య 5 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు ఎడం పెట్టి చూడండి. ప్రతిసారీ ట్యాగును ఒక జానెడు అటూ ఇటూ జరిపి చూడడం మరిచిపోవద్దు, నేల మీద పడి లేచిన తరంగమూ నేరుగా వచ్చిందీ కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. తరంగం పొడవు 34 సెంటీమీటర్ల పైన ఉంటుంది, అందులో సగం జరిగితేనే చదవని చోట చదవొచ్చు. దొడ్డికి రేకులు వాడితే ఇది ఇంకా ఎక్కువ, తడకలయితే నయం.

ట్యాగులు మళ్ళీ కొనాల్సి వస్తే ఇది చూసుకోండి. అమెరికాలో 915 చుట్టూ వాడతారు కాబట్టి దానికి ట్యూన్ చేసిన ట్యాగులు కూడా అమ్ముతారు. గాలిలో అవి మన 866 దగ్గర కొంచెం మందంగానే ఉంటాయి, కానీ చెవికి వేయగానే కిందికి జారి మన బ్యాండ్ దగ్గరికే రావచ్చు. రెండు రకాలూ ఐదేసి తెప్పించి చెవి మీద పెట్టి కొలిచాకే మిగతావి కొనండి.

ఆంప్లిఫయర్ గురించి కూడా చెప్తాను, దేవరకొండ తమ్ముడు ఏమీ అనుకోవద్దు. మన దేశంలో ఈ బ్యాండ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్, యాంటెన్నా లోంచి వెళ్ళేది 4 వాట్ల ఈఆర్‌పీ (యాంటెన్నా బలం కూడా కలిపి లెక్కగట్టే పవర్) దాటకూడదు. 5 వాట్ల ఆంప్లిఫయర్ పెట్టిన రోజే మీరు నియమం బయట ఉన్నట్టు. పోనీ పెట్టారే అనుకోండి, 1 వాట్ 5 అయితే 7 డీబీ, మీటరున్నర మూడు మీటర్ల చిల్లర అవుతుంది. అదే సమయంలో రీడర్ తన గొంతు తానే వినాల్సి వస్తుంది, ఎందుకంటే పంపేదీ వినేదీ ఒకే యాంటెన్నా, ఒకే ఫ్రీక్వెన్సీ. ఆ హోరులో ట్యాగు గుసగుస మునిగిపోతుంది. మామూలు ఆంప్లిఫయర్ ఒకే దిక్కు పనిచేస్తుంది కాబట్టి తిరిగొచ్చే సిగ్నల్‌కు దారి కూడా మూసేస్తుంది.

లేన్ అన్న చెప్పిన కేబుల్ సలహా పాటిస్తే ఒక జాగ్రత్త. మీటరు కేబుల్, 9 డీబీ యాంటెన్నా, 30 పవర్ అంటే 38.4 అవుతుంది. 4 వాట్ల ఈఆర్‌పీ ఈ లెక్కలో 38.1 దగ్గర ఉంటుంది. రీడర్ సెట్టింగులో పవర్ 29కి తగ్గించుకోండి. అయినా మీకు ఇప్పటికంటే 4 డీబీ మిగులు, మీటరున్నర ఊరికే 2.4 మీటర్లవుతుంది.

దేవరకొండ రేడియో

మేడం, తప్పు చెప్పాను, తెలిసింది. మరి బ్యాటరీ ఉండి కూడా తిరగ్గొట్టే ట్యాగులు ఉంటాయంటారు కదా, అవి పెడితే?

నల్లగొండ ఈసీఈ

ఉంటాయి. వాటిలో చిన్న బ్యాటరీ చిప్‌ను మాత్రమే మేలుకొలుపుతుంది, సిగ్నల్ మాత్రం రీడర్‌దే, తిరగ్గొట్టడమే. అప్పుడు పోయే దారి అడ్డం కాదు, వచ్చే దారే హద్దు, 30 మీటర్లు కూడా వస్తుంది. వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు 2013లో టీవీ ప్రసార తరంగాలనే తిరగ్గొట్టించి రెండు పరికరాల మధ్య మాట కలిపారు, 2017లో లోరా అనే, సన్న సిగ్నల్‌ను కూడా దూరం పంపే రేడియో పద్ధతిలో తిరగ్గొట్టి వందల మీటర్లకు తెచ్చారు. టన్నెల్ డయోడ్ అనే చిన్న ఎలక్ట్రానిక్ భాగంతో, వచ్చినదానికంటే ఎక్కువ తిరగ్గొట్టే ట్యాగుల మీద కూడా పరిశోధన జరుగుతుంది. మా పిల్లలకు ఇవన్నీ ప్రాజెక్టులుగా ఇస్తాను, ఇష్టంగా చేస్తారు. కానీ 182 చెవులకు 182 బ్యాటరీలు, అవి అయిపోయిన రోజు మళ్ళీ 182 ట్యాగులు, వానకూ తుమ్మ కంపలకూ తట్టుకోవాలి. నాలుగు మీటర్ల కోసం ఆ భారం ఈ ఇంటి మీద వేయను.

జీవాల డాక్టర్

మేడం గారు ఎడం పెట్టమన్నారు, ఆ మాట చదివి భయమేసి రాస్తున్నాను. దయచేసి స్పాంజి, థర్మోకోల్ ముక్కలు చెవికీ ట్యాగుకూ మధ్య పెట్టకండి. అది తడి పట్టి ఉంచుతుంది, కింద చర్మం మెత్తబడుతుంది, ఈగ వాలుతుంది, నాలుగో రోజుకు పురుగులు పడతాయి. వానాకాలంలో చెవి కుళ్ళి తెగిపోయిన జీవాలను నేను చూశాను. ఎడం కావాలంటే గట్టి ప్లాస్టిక్ వాషర్ వాడండి, నున్నగా ఉండాలి, గాలి ఆడాలి, వేసేముందు అయోడిన్‌లో ముంచండి. ఎట్లాగూ ట్యాగు చెవిని బిగబట్టి ఉండకూడదు, పిల్లల చెవి పెరుగుతుంది.

రెండో సంగతి, దూరం వస్తుందని ట్యాగును చెవి కొసకు వేయాలనిపిస్తుంది. కొసకు వేస్తే కంపకు తగులుకొని చెవి చీలుతుంది. మొదలుకూ నడిమికీ మధ్యన, గట్టి ఈనెల నడుమ, రక్తనాళం తప్పించి వేయాలి. చెవిని వెలుగుకు పట్టి చూస్తే నాళం కనిపిస్తుంది. యాంటెన్నా ఉన్న పెద్ద బిళ్ళ చెవి వెనక వైపు, బయటికి ఉండేటట్టు చూడండి, చెవులు వేలాడే జీవాల్లో లోపలి వైపు వేస్తే బిళ్ళ చెవికీ దవడకూ మధ్య నలుగుతుంది. మీకు సిగ్నల్ అక్కడే పోతుందేమో కూడా చూసుకోండి.

పశువైద్యశాల వేసే పసుపు ట్యాగు ఉంటే దాన్ని తీయొద్దు, ఆ 12 అంకెల నంబర్ మీదనే టీకాల రికార్డు ఉంటుంది. మీ ట్యాగును రెండో చెవికి వేసి, రెండు నంబర్లూ ఒకచోట రాసుకోండి.

మక్తల్ మంద

అందరికీ దండాలు. వారం పట్టింది, చేసినవి చేసినట్టు రాస్తున్నాను.

వెదురు కర్ర కొసకు ట్యాగు 6 మీటర్లు చదివింది, ఒకచోట ఆరున్నర కూడా. చెవికి ఆనిస్తే అదే మీటరున్నర. మేడం చెప్పింది అక్షరాలా నిజం, నేను రెండు నెలలు రీడర్‌ను అనుమానిస్తూ కూర్చున్నాను. 5 మిల్లీమీటర్ల ఎడానికి 2.3 మీటర్లు, 10కి 3 మీటర్లు వచ్చింది, కానీ 10 అయితే బిళ్ళ బయటికి పొడుచుకొచ్చి కంపకు తగిలేటట్టు ఉంది, 5 దగ్గరే ఆగాను. డాక్టర్ సార్ చెప్పినట్టు చూస్తే నేను వేసిన ట్యాగుల్లో సగం బిళ్ళలు లోపలి వైపే ఉన్నాయి. తెలియక వేశాను.

రీడర్‌ను గేటు గుంజకు మార్చాను, మీటరు కేబుల్, పవర్ 29. పాత కేబుల్ కనెక్టర్ విప్పితే లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. యాంటెన్నా పైకి కట్టాను. ట్యాగులు ముట్టకుండా ఈ మార్పులతోనే మొదటి సాయంత్రం 182లో 163. తర్వాత 40 జీవాలకు వాషర్ పెట్టి బిళ్ళ వెనక్కి తిప్పి, అదే రంధ్రంలో మళ్ళీ వేశాను, ఆ 40లో ఒక్కటీ తప్పలేదు. మిగతా 142లో ఇంకా 11 తప్పుతున్నాయి. 163 కాస్తా 171 అయింది.

ఇంకో ముచ్చట. నేను గేటు దగ్గర నిచ్చెన మీద యాంటెన్నా సర్దుతుంటే నాయిన చూసి, నాలుగు మీటర్లు ఎందుకురా, రెండు తడకలు ఏటవాలుగా పెడితే జీవం ఒక్కొక్కటిగా వస్తది కదా అన్నాడు. టీకాల రోజు అట్లాగే చేస్తారట. పొద్దున ఆ తడకలు పెట్టి చూశాం, దారి మీటరున్నర అయింది, 182లో 178. కానీ ప్రతి మకాం దగ్గర రెండు తడకలు ఎక్కువ మోయాలి, గాడిద మీద ఇప్పటికే బరువు ఎక్కువ. అందుకని ఇంకా దూరం కావాల్సిందే.

నల్లగొండ ఈసీఈ

చాలా బాగా కొలిచారు. మిగిలిన 11లో కొన్ని దూరం వల్ల కాకపోవచ్చు, గుంపు వల్ల కావచ్చు. రీడర్ సెట్టింగుల్లో సెషన్ అని ఉంటుంది, 0లో ఉంటే 1 చేయండి. 0లో ఉన్నప్పుడు ముందు నిలబడ్డ ట్యాగులు మళ్ళీ మళ్ళీ జవాబు చెప్తూనే ఉంటాయి, వెనక దూరంగా ఉన్న వాటికి వంతు రాదు. 1లో ఒకసారి చెప్పిన ట్యాగు అర సెకను నుంచి 5 సెకన్ల దాకా నోరు మూసుకుంటుంది, మీ గేటుకు అది చాలు. ట్యాగు జవాబు పద్ధతి మిల్లర్ 4 ఉందేమో చూడండి. ఎఫ్ఎం 0 అనే ఇంకో పద్ధతి కంటే నిదానం, కానీ సన్న సిగ్నల్ బాగా వినిపిస్తుంది. డబ్బులు మిగిలితే రెండో యాంటెన్నా ఎదుటి గుంజకు, అదీ పైనుంచే. రీడర్ రెండింటినీ మార్చి మార్చి వాడుకుంటుంది, అప్పుడు ఒక్కోటి రెండు మీటర్లు చూస్తే మీ నాలుగు మీటర్ల గేటు నిండుతుంది. తడకలు మోయక్కర్లేదు.

ఎన్‌హెచ్ 44 లేన్

రెండో యాంటెన్నా కొత్తది కొనకు తమ్ముడూ. లేన్ల నుంచి తీసేసిన పాతవి అమ్మే చోటు తెలుసు, పైన పెట్టె పగిలినా లోపల బాగుంటాయి. ఆదివారం జడ్చర్ల రాగలిగితే మీటర్ పెట్టి కొలిచి చూపిస్తాను.

మక్తల్ మంద

అన్నా, వస్తాను. సెషన్ 0లోనే ఉంది, ఇప్పుడే 1 చేశాను, మిల్లర్ 4 కూడా పెట్టాను. సాయంత్రం మంద వచ్చాక లెక్క ఇక్కడే రాస్తాను. డాక్టర్ సార్, వాషర్ పెట్టిన వాటిలో ఒక గొర్రె చెవి కొంచెం ఎర్రగా ఉంది, పురుగు లేదు, వాపు లేదు. ట్యాగు తీసేయాలా, రెండు రోజులు చూడాలా?

జీవాల డాక్టర్

తీసేయొద్దు. పొద్దున సాయంత్రం అయోడిన్ పూసి, ఈగలు వాలకుండా చుట్టూ వేపనూనె రాయండి. చెవి వేడిగా ఉన్నా, తల వంచుకొని మేత మానేసినా ఆ రోజే దగ్గరి పశువైద్యశాలకు తీసుకుపోండి. మిగతా 142కు ఇప్పుడే మార్చకండి, ఈ 40 చెవులు మానాకే మొదలుపెట్టండి.